నీతిమంతుడి నడుముకు మా పంచె

నాకు మొదట చదవడం వచ్చిన మాట 'తోడేలు'. నా పేరు రాయడం ఆ తర్వాత ఎన్నాళ్లకో వచ్చింది. అందరికీ పలక మీద అమ్మ, ఆవు ఉంటాయి. నాకు అక్షరాలు దిద్దించింది వేల ఏళ్ల కింద పోయిన యూదుల ప్రవక్త ఒకాయన. అందుకే ఇప్పటికీ రేషన్ కార్డు చదవమంటే తడుముకుంటాను గానీ తోడేలు, సింహం, నాగుపాము, నీతిగా ఏలే రాజు అని ఎక్కడ రాసి ఉన్నా గడగడా చదివేస్తాను. తోడేలును చిన్నప్పుడు కోరుట్ల దగ్గర గుట్టల్లో చూశాను. సింహాన్ని సర్కసులో చూశాను. నాగుపాము మా మగ్గం గుంటలోకే వచ్చింది. ఆ నాలుగోవాడి కోసమే తిరగరాని చోట్లన్నీ తిరిగాను.

నేను చెప్తుంటే నా మనవరాలు రాస్తోంది. నా మాటల్ని పుస్తకం భాషలోకి దిద్దుతానంది. దిద్దుకో, నా కోపాన్ని మాత్రం దిద్దకు అన్నాను.

తుపాకులు పట్టిన అన్నలు అడవిలో, దొరలు గడీలకు తాళాలేసి జగిత్యాల మేడల మీద, పోలీసులు రోడ్ల మీద ఉన్న రోజులవి. మా నేత వాడ మాత్రం సిరిసిల్లలో ఉన్నచోటే ఉంది. మగ్గం వదిలి ఎవడు ఎక్కడికి పోతాడు? నేను కోరుట్లలో బీడీలు చుడుతూ పెరిగి, ఈ వాడకు కోడలిగా వచ్చి, బీడీలు వదిలి నూలు కండెలు చుట్టాను. చుట్టడం తప్పలేదు. పదిహేనేళ్లు నా మొగుడు గుంట మగ్గంలో కాళ్లు పెట్టి నేశాడు, నేను పక్కన కూర్చుని రాట్నం తిప్పాను. నూలు దుమ్ము ఆయన ఛాతీలో చేరింది. ఆఖరు ఏడాది నేత చప్పుడు కంటే దగ్గు చప్పుడే ఎక్కువ వినిపించేది. ఒక పంచె సగం నేసి, పోగుకు దెబ్బ కొట్టే మగ్గం పలక మీద చెయ్యి పెట్టి అట్లాగే వాలిపోయాడు. నాకు మిగిలింది పదేళ్ల బిడ్డ, మగ్గం ఉన్న ఆ ఒక్క గది, మగ్గం మీద ఆ సగం పంచె.

మా వాడలో ఒక కట్టు ఉండేది. నేసేవాడు పోతే, మగ్గం మీద మిగిలిన పడుగును మూడో మాసికం దాకా ఎవరూ ముట్టరు. ఆ తర్వాత ఇంటి మనుషుల్లో ఎవరు ఆ పడుగును నేసి దింపితే మగ్గం వాళ్లది. మగ్గం ఎవరిదైతే గది కూడా వాళ్లదే, గుంటను మోసుకుపోలేరు కదా. ఇక ఆడది మగ్గం ఎక్కకూడదు. కండెలు చుట్టొచ్చు, పడుగుకు గంజి పెట్టొచ్చు, తెగిన పోగులు ముడెయ్యొచ్చు, గుంట ఊడ్చొచ్చు. ఆ గుంటలో కాలు పెట్టి కూర్చుంటే మాత్రం కులానికి అరిష్టమట. అంటే ఇంటి మనిషి అన్న మాటకు అర్థం మా బావ.

బావ నా మొగుడికి అన్న. రెండు మగ్గాలున్నాయి, వాటికంటే బాగా ఆడే నాలుక ఉంది. దొరకు తువ్వాలలు ఆయనే నేసేవాడు. అన్నల జెండాలకు ఎర్రగుడ్డ ఆయనే నేసేవాడు. ఠాణాలో పోలీసులు కప్పుకునే దుప్పట్లూ ఆయనవే. ముగ్గురూ ఒకరినొకరు చంపుకోవాలని చూసేవాళ్లే, ముగ్గురికీ గుడ్డ కట్టబెట్టింది మాత్రం మా బావే.

నెల మాసికం అయిన మర్నాడు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

"మరదలా, గీ కాయితం మీద వేలుముద్ర ఎయ్యి. పెద్ద ముచ్చటేం గాదు, పని సులువైతది."

"ఏం రాసున్నది బావా?"

"చెప్తే నీకు సమజైతదా?"

"కాదు గదా. జెర సదువు నేర్చుకొని సంతకమే జేస్త. వేలుముద్ర ఏస్తే మీ తమ్ముని ఇజ్జత్ పోదా?"

కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "నేర్చుకో, నేర్చుకో. నువ్వు సంతకం నేర్చుకునేసరికి నాకు పండ్లూడుతయి. నీ సంతకం లేకున్నా మాయె. మూడో మాసికం కానియ్యి, పడుగు నేనే దింపుత. గప్పుడు నువ్వు, నీ బిడ్డ కోరుట్ల బస్సెక్కుడే."

ఆ మాట అన్నాక నాకు నిజంగానే చదువు మీద మనసు పుట్టింది.

మంగళవారం మంగళవారం జగిత్యాల నుంచి ఒక పంతులమ్మ బస్సులో వచ్చేది. గుంటూరు వైపు మనిషి, సన్నగా గొడుగు కర్రలా ఉండేది, చేతిలోనూ ఒక గొడుగు. ఆడవాళ్లకు ఊరికే చదువు చెప్తానంది. తీరా చూస్తే ఆమె దగ్గర ఉన్నది ఒకే పుస్తకం. ఆ పుస్తకంలోనూ ఆ ఏడాది ఆమె పట్టుకున్నది ఒకే అధ్యాయం, ముందు ముందు రాబోయే నీతిమంతుడైన రాజు గురించి ఆ ప్రవక్తకు కలిగిన దర్శనం. ఆరేడుగురం పోయేవాళ్లం. సగం మంది బీడీల చాటలు ఒళ్లో పెట్టుకునే కూర్చునేవారు. అందరిలో పెద్దది ఒక అవ్వ. పళ్లు లేవు గానీ నోరు ఉంది.

పంతులమ్మ గోడకు ఒక బొమ్మ తగిలించింది. తోడేలు, గొర్రెపిల్ల ఒకచోట పడుకుని ఉన్నాయి. సింహం గడ్డి మేస్తోంది.

"చూడండమ్మా," అంది. "చెట్టును నరికేశారు. మోడు మిగిలింది. అందరూ అయిపోయిందనుకున్నారు. ఆ మోడు నుంచే చిన్న చిగురు వస్తుంది. ఆ చిగురే మన రాజు."

మోడు అనగానే ఆడవాళ్లందరూ నా వైపు, ఇంకో ముండరాలి వైపు తిరిగి చూశారు. మమ్మల్ని వాడలో పిలిచే పేరే అది.

"ఇగ మీరిద్దరు జెర పైలం," అంది అవ్వ. "ఎప్పుడు ఏం మొలుస్తదో."

పంతులమ్మకు నవ్వు రాలేదు. వేలు పెట్టి పంక్తి చూపిస్తూ చెప్పింది. "ఈ రాజు కళ్లకు కనపడిందే నిజమని తీర్పు చెప్పడు. చెవిలో పడిన మాటలు పట్టుకుని కూడా తీర్పు చెప్పడు. ఎందుకని?"

"గుడ్డోడు, చెవిటోడు గావచ్చు," అంది అవ్వ.

"అయ్యో, కాదమ్మా! ఆయన మనసులు చూస్తాడు. బీదవాళ్లకు న్యాయం చేస్తాడు. దుర్మార్గుల్ని నోటి ఊపిరితోనే చంపేస్తాడు."

"ఉత్త గాలితోనా? గీ ముచ్చట అన్నలకు జెప్పుండ్రి, తూటాలు మిగులుతయి."

"సింహం ఎద్దులాగా గడ్డి తింటుంది."

"మల్ల ఎద్దేం తినాలె పంతులమ్మా? దొర గుర్రాలు తిని మిగిలిన గడ్డికే మా బర్రె ఎన్నేండ్లు ఏడ్సింది. ఇప్పుడు సింహం గూడ దాపురించిందా?"

ఇట్లాగే సాగేది మా చదువు. నవ్వించని పంక్తి ఒక్కటే ఉంది. పసిపిల్ల నాగుపాము కన్నం దగ్గర ఆడుకున్నా దానికి ఏమీ కాదట. అది విన్నప్పుడు బీడీలు చుట్టే చేతులు కూడా ఆగాయి. మగ్గం గుంట ఉన్న ప్రతి ఇంట్లో వానాకాలం పాము భయం ఉంటుంది. పిల్లల్ని గుంట దగ్గరికి పోనియ్యకుండా మంచం కోడుకు కట్టేసి పనిచేసుకున్నవాళ్లమే అందరం. ఈ ప్రవక్త మా వాడకు ఎప్పుడొచ్చాడా అనుకున్నాను.

ఇంకో పంక్తి నన్ను పట్టుకుంది. న్యాయం ఆ రాజుకు నడికట్టుగా ఉంటుందని. నేత ఇంటి ఆడదాన్ని కదా, నడుముకు కట్టేది ఏదైనా సరే ఎవరు నేశారు అన్నదే నాకు ముందు తోస్తుంది. పంతులమ్మను అడిగాను. "అది ఉపమానం అమ్మా," అంది. అంటే ఎవరు నేశారో ఆమెకూ తెలియదన్నమాట.

చివరకు అసలు సంగతి అడిగాను. "పంతులమ్మా, గా రాజు మా మూడో మాసికం కంటె ముంగట వస్తడా, ఎన్క వస్తడా?"

"ఆయన ఒకసారి వచ్చేశారమ్మా. మళ్లీ వస్తారు."

"వచ్చిపోయిండా?" అంది అవ్వ. "మాకు ఒక్కలు జెప్పలే!"

బావ సంగతి అంతా చెప్పి, వాడ తగువులు తీర్చే మా సంఘం పెద్ద దగ్గరికి నాతో రమ్మన్నాను. ఒంటరి ఆడదాని మాట అక్కడ చెల్లదు, చదువుకున్న మనిషి పక్కన ఉంటే మాటకు బరువుంటుందని. పంతులమ్మ గొడుగు చేతిలోకి తీసుకుంది. "లోకపు తగాదాల్లో మేము వేలు పెట్టకూడదమ్మా. నీకోసం ప్రార్థన చేస్తాను," అంది. చేసింది కూడా, నా ముందే, కళ్లు గట్టిగా మూసుకుని. కళ్లు తెరిచేసరికి జగిత్యాల బస్సు టైమయింది. పోతూ పోతూ ఇంట్లో దిద్దుకొమ్మని ఆ పాఠంలో నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసిచ్చింది. మడిచి రొంటిన దోపుకున్నాను.

పరలోకపు రాజు రావడానికి ఆలస్యమయ్యేట్టు ఉందని ఈ లోకపు రాజులనే అడుగుదామని బయలుదేరాను. మొదట జగిత్యాల పోయాను. ఒకప్పుడు మా చుట్టుపక్కల తగువులన్నీ తీర్చిన దొర అక్కడ మేడ మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పినంతసేపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. ఆ తువ్వాల అంచుకు కండెలు చుట్టింది నేనే.

"మాదేం నడుస్తుందే ఇప్పుడు?" అన్నాడు. "అన్నలకు జెప్పుకో పో. ఇప్పుడు వాళ్లే గదా దొరలు."

అంత సూటి మాట ఆ దొర నోట ఎన్నడూ వినలేదు. అందుకని అన్నల దగ్గరికే పోయాను. బిడ్డను అవ్వ దగ్గర వదిలి, వీర్నపల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి కాలినడకన. ఇప్పచెట్ల కింద పట్టపగలే పంచాయితీ నడుస్తోంది. దళం నాయకుడు చిన్నవాడు, కళ్లద్దాలు, కాలేజీ మొహం. వెనక రెండు చెట్ల మధ్య ఎర్రగుడ్డ కట్టి ఉంది. దాని నేత చూడగానే గుర్తుపట్టాను. ఎడమ వైపు పలక దెబ్బ మొద్దుగా పడింది. మా బావ చెయ్యి.

అయినా చెప్పాను. ఆ పిల్లవాడు శ్రద్ధగానే విన్నాడు. లేచి నిలబడి, నాకు ఒక్కదానికి కాదు, అడవికంతా చెప్తున్నట్టు అన్నాడు. "అక్కా, మా లైన్ క్లియర్‌గ ఉన్నది. దున్నెటోనికే భూమి. నేసెటోనికే మగ్గం."

"గట్లనే కానియ్యి తమ్మీ. నేనే నేస్త."

"నువ్వా? ఆడోళ్లు మగ్గం నేస్తరా?"

చుట్టూ నవ్వులు. ఆడదానికి సగం ఆకాశం అని పాట కట్టిన నోళ్లే అవి. నాలుగు అడుగుల గుంట మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు.

"మీ బావ మనకు కావలసిన మనిషి అక్కా," అన్నాడు మెల్లగా. "గరీబు నేతగాడు. నీకు గూడ అన్యాయం గావద్దు. మగ్గం చెరిసగం చేసుకోండ్రి."

"మగ్గం చెరిసగం ఎట్ల జేస్తరు తమ్మీ? పలక ఆయనకు, గుంట నాకా?"

తర్వాతి ఫిర్యాదును పిలిచారు.

తిరిగొస్తుంటే దారిలో ఒక ఠాణా ముందు బస్సు ఆపారు. అడవి వైపు నుంచి ఒంటరిగా వస్తున్న ఆడది అనుమానమే కదా. దింపారు. రొంటిన ఉన్న కాగితం దొరికింది. ఎస్సై దాన్ని పైకి చదివాడు. చదువుతుంటే మీసం కదిలింది. బీదలకు న్యాయం చేసే రాజు వస్తాడు. దుర్మార్గులను చంపుతాడు. తోడేలు, గొర్రెపిల్ల ఒకచోట పడుకుంటాయి.

"ఎవడిచ్చిండు గీ కరపత్రం?"

"కరపత్రం గాదు సారూ, నా సదువు."

"తోడేలెవడు?"

"తోడేలే సారూ."

"దళంల పేరా? మల్ల గొర్రెపిల్ల ఎవరు, కొరియరా? ఇద్దరు ఎక్కడ పండుకుంటరు? ఏ ఊరు?"

నాకు నవ్వొచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టారు, నవ్వు పోయింది. నా మాట మీద నమ్మకం లేక పంతులమ్మ కోసం కబురు పంపారు. ఆమె గొడుగు తెరిచే లోపలికి వచ్చింది, అంత భయం. లోకపు తగాదాల్లో వేలు పెట్టని మనిషి మొత్తంగా వచ్చి పడింది.

"గీ రాజు ఎప్పుడొస్తడు?" అన్నాడు ఎస్సై.

"త్వరలోనేనండి."

"తారీఖు?"

"అది ఎవరికీ తెలియదండి."

"సీక్రెట్టన్న మాట. ఏ ఊరోడు?"

"బేత్లెహేమండి."

ఎస్సై రాసుకున్నాడు. "ఏ తాలూకా?"

పక్కన ఉన్న ముసలి జవాను వంగి చెవిలో ఏదో చెప్పాడు, క్రిస్మస్ అన్న మాట నాకూ వినపడింది. ఎస్సై రాసింది కొట్టేశాడు. మొహం మాత్రం మార్చుకోలేదు. "అయితే ఇప్పుడు గవర్నమెంటు ఉన్నది గదా? మల్లొక రాజెందుకు? గసుంటి పాఠాలు బందు చెయ్యుండ్రి," అన్నాడు. కాగితం వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. సాయంత్రం బస్సుకు వదిలారు. బయటికొస్తూ చూశాను. బెంచీ మీద పరిచిన దుప్పటికి కూడా ఎడమ దెబ్బ మొద్దుగానే ఉంది.

బస్సులో పంతులమ్మ ఏడుస్తూ కూర్చుంది. నేను మాత్రం ఆ కళ్లద్దాల పిల్లవాడి మాటే నములుతున్నాను. నేసెటోనికే మగ్గం. మా కట్టు చెప్పేదీ అదే. ఆ మాట అందరూ అంటారు. నేసేది ఎవరో మాత్రం ముందే అనుకుని ఉంటారు.

మూడో మాసికం అయింది. బావ పిండం పెట్టి, భోంచేసి, వాకిట్లో నిలబడి చెప్పాడు. "కోరుట్లల మా అత్తగారింట్ల లగ్గం ఉన్నది. నాలుగు దినాలల్ల వస్త. వచ్చినంక పడుగు దింపుత. గుంట జెర సాఫ్ చేసి పెట్టు మరదలా."

చేసి పెట్టాను. ఊడుస్తుంటే మూలన పాము కుబుసం దొరికింది. ఎండిన కుబుసమే అయినా, విడిచినది ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని బయట పారేసి వచ్చి గుంట అంచున కూర్చున్నాను. ఆ ప్రవక్త పసిపిల్లకు మాట ఇచ్చాడు గానీ ముప్పై దాటిన ముండరాలికి ఇవ్వలేదు. అయినా కాళ్లు లోపల పెట్టాను. చల్లగా ఉంది. కాళ్ల కింది తొక్కుడు కర్రలు నా మొగుడి పాదాలకు అరిగి గుంతలు పడి ఉన్నాయి. నా పాదాలు ఆ గుంతల్లో సగానికే వచ్చాయి.

పదిహేనేళ్లు పక్కన కూర్చుని చూశాను, అంతా వచ్చనుకున్నాను. మొదటి జాములోనే పోగులన్నీ తెంచి పెట్టాను. కండెను మోసే నాడె ఎగిరిపోయి గోడకు తగిలింది. నా బిడ్డ తెగిన పోగులు ముడేస్తూ అంది, "అమ్మా, నాయన చప్పుడు గిట్ల రాకపోయేది."

"ఎట్లొచ్చేది?"

అరచేత్తో నేల మీద కొట్టి చూపించింది. ఆ తాళం పట్టుకుని నేశాను. వాడంతా మగ్గాలు ఆడుతున్నప్పుడు ఆడించాను, ఆ చప్పుళ్లలో నాది కలిసిపోయింది. బువ్వలకు వాడ ఆగితే నేనూ ఆగాను. అరచేతులు పొక్కి నీళ్లు కారాయి. మూడో రోజు పొద్దు వాలే వేళకు పడుగు అయిపోయింది. పంచె మీద నా మొగుడి నేత ఆగిన చోటు, నా నేత మొదలైన చోటు కళ్లకు తెలుస్తూనే ఉంది. ఆయనది నీళ్ల మీద వెన్నెల, నాది దున్నిన చెలక. దాన్ని మగ్గం మీదే ఉంచాను, బావ వచ్చి కళ్లారా చూడాలని.

అదే నేను చేసిన బుద్ధిలేని పని. మర్నాడు నీళ్లకు పోయి వచ్చేసరికి మగ్గం బోడిగా ఉంది. బావ వచ్చి, చూసి, పంచె కోసుకుని నేరుగా సంఘం పెద్ద దగ్గరికి పోయాడు, లగ్గానికి పోయే ముందు రాత్రే పడుగు తానే నేసి దింపానని చెప్పుకోవడానికి. వాడంతా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఆడది నేసిందంటే నమ్మాలా, మగవాడు రాత్రికి రాత్రి నేశాడంటే నమ్మాలా?

బిందె అక్కడే పడేసి పరుగెత్తాను. సంఘం పెద్ద అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చుట్టూ మగవాళ్లు. ఆయన గురించి చెప్పాలి. డెబ్బై ఏళ్లు నేసిన మనిషి. ఆ నేతకే కళ్లు పోయాయి, వెలుగూ నీడా తప్ప కనపడదు. మగ్గం చప్పుడుకు చెవులూ పోయాయి. పెద్దరికం మాత్రం పోలేదు. ఎందుకంటే దాన్ని ఇంకొకరికి ఇయ్యి అని చెప్తే ఆయనకు వినపడేది కాదు.

బావ మొదలుపెట్టాడు. తమ్ముడి మీద ప్రేమ, కులం మీద భక్తి, పడుగు మీద తాను కార్చిన కన్నీళ్లు. అంత అందంగా చెప్పాడు, నాకే ఏడుపొచ్చింది. అరుగు కింద ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా.

సంఘం పెద్ద తన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందీ?"

బావ మళ్లీ మొదటి నుంచి అరిచి చెప్పాడు.

"ఏందీ? ఒర్రకు. పంచె ఇటియ్యి."

పంచె ఒళ్లో పరుచుకుని, వేళ్లతో ఒక కొస నుంచి తడుముతూ పోయాడు.

"గిది చిన్నోని చెయ్యి. దగ్గుకుంట నేసినా దెబ్బ తప్పలే వానికి." వేళ్లు పాకాయి. ఆగాయి. వెనక్కి పోయి మళ్లీ వచ్చాయి. "గిక్కడ చెయ్యి మారింది." బావ వైపు గుడ్డి కళ్లు తిప్పాడు. "నీది గాదు గిది. నీ ఎడమ దెబ్బ పుట్టినప్పటి సంది మొద్దు. ఎవలు నేసిండ్రు?"

"నేను," అన్నాను.

"ఏందీ?"

"నేను నేసిన తాతా!"

"ఎవలూ?"

ఏ మాట వాడకు తెలియకూడదని చప్పుళ్లలో కలిపి దాచానో, ఆ మాట వాడ చివరి దాకా వినపడేట్టు అరవాల్సి వచ్చింది. "నేనే నేసిన! మగ్గమెక్కి నేనే నేసిన!"

సంఘం పెద్ద తన చెయ్యి చాచాడు. నా అరచేతులు పట్టుకుని, పొక్కులు ఒక్కొక్కటే వేలితో తాకి చూశాడు. తర్వాత బావ అరచేతులు తాకి చూశాడు. వాటికి లగ్గంలో పూసుకున్న గంధం వాసన.

"పడుగు దిగింది," అన్నాడు. "దింపింది ఇంటి మనిషే. మగ్గం ఆమెది, గది ఆమెది."

మగవాళ్లు ఒక్కసారి లేచారు. "ఆడిది మగ్గమెక్కుడు తప్పు గాదా?" అని ఒకరు, "రేపు మా ఇండ్లల్ల గూడ ఎక్కుతరు!" అని ఇంకొకరు. ఆ కేకలు మాత్రం పెద్దకు ఎట్లా వినపడ్డాయో వినపడ్డాయి.

"తప్పే. నేను గాదన్ననా? తప్పుకు తప్పు కట్టాలె. గీ పంచె నాది." అని దాన్ని మడిచి తన కింద పెట్టుకుని కూర్చున్నాడు.

నా మొగుడి ఆఖరి చెయ్యి, నా మొదటి చెయ్యి కలిసిన బట్ట అది. నా బిడ్డకు దాచిపెట్టాలనుకున్నాను. "తాతా, ఇంకేమన్న అడుగు. గదొక్కటి ఇడిసిపెట్టు," అని కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"ఏందీ?" అన్నాడు.

గట్టిగా అరిచాను. మళ్లీ "ఏందీ" అన్నాడు. మూడోసారి అరవలేదు. ఇల్లు చేతికొచ్చింది, ఇంకా అరిస్తే అది కూడా వినపడకుండా పోతుందేమోనని లేచి వచ్చేశాను.

మంగళవారం పంతులమ్మ వచ్చింది, ఈసారి గొడుగు రెండు చేతులతో పట్టుకుని. పాఠం బందు చెయ్యలేదు, అది ఆమె ధైర్యం. సంగతి విని ముఖం వెలిగిపోయింది. "చూశావా అమ్మా, ప్రార్థన! ఇప్పుడు చెప్పు, కంటిని, చెవిని నమ్మకుండా తీర్పు తీర్చే ఆ రాజు ఎవరు?"

ఆమెకు కావలసిన జవాబు మా అందరికీ తెలుసు. అవ్వ అందుకుంది. "గుడ్డోడు, చెవిటోడు అని నేను మొదటి దినమే జెప్పిన. గప్పుడు నువ్వు ఇనలే."

"ఆయన మీ సంఘం పెద్ద కాదమ్మా!"

"నాకెర్కే. నీ రాజైతే మల్ల పంచె గుంజుకపోతడా?"

పంతులమ్మ పుస్తకంలోకి తల వంచింది. నవ్విందో, కోపమొచ్చిందో కనపడలేదు. నేను ఆ నడికట్టు పంక్తి వెతికి, కూడబలుక్కోకుండా చదివాను.

బావ మళ్లీ కాగితం తేలేదు. వాడ నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. నేను పట్టపగలు, వాడ ఆగినప్పుడు కూడా నేశాను. ఒకరోజు సంఘం పెద్ద కర్ర తాటించుకుంటూ మా వాకిట్లోంచి పోతూ ఆగాడు. నా మగ్గం నేలను ఊపే ఊపు ఆయన అరికాళ్లకు తెలిసినట్టుంది. నడుముకు మా పంచె కట్టుకుని ఉన్నాడు. దోపిన చోట సరిగ్గా అతుకు, ఒక పక్క నా మొగుడి నేత, ఒక పక్క నాది.

"ఎట్లున్నది తాతా పంచె?" అన్నాను, అరవకుండానే.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు. "చిన్నోడు నేసిన కాడ మెత్తగున్నది. నువ్వు నేసిన కాడ నడుము కోస్తున్నది."

"కోయనియ్యి తాతా. గప్పుడే యాదుంటది, ఎవలది గుంజుకున్నవో."

ఈసారి 'ఏందీ' అనలేదు.